పడమటి కిటికీకి ఏ పరదా?

ఇల్లు వాకిలి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఉగాది దాటిందంటే పరదాల మీద ఉత్తరాలు ఎక్కువవుతాయి. చాలామంది ఏ రంగు బాగుంటుందనే అడుగుతారు. కిటికీ ఏ దిక్కుకు ఉందో రాసేవాళ్లు తక్కువ. మన ఎండలకు ముందు చూసుకోవలసింది దిక్కే. అందుకే దిక్కు చెప్పి అడిగిన ఉత్తరంతోనే మొదలుపెడుతున్నాం.

*

హాల్లో పడమటి గోడకు 5 అడుగుల కిటికీ ఉంది. మధ్యాహ్నం రెండు దాటితే అక్కడ కూర్చోలేకపోతున్నాం. పోయిన ఏడాది ముదురు మెరూన్ రంగు మందపాటి కర్టెన్లు వేయించాం. వెలుతురు తగ్గింది గానీ వేడి తగ్గలేదు. వెలుతురును ఆపే బ్లాకౌట్ బట్ట వేస్తే తగ్గుతుందా?
— ఒక పాఠకురాలు, కడప

కొంత తగ్గుతుంది. మీరు ఆశపడినంత మాత్రం తగ్గదు. లోపలి పరదా దగ్గరికి వచ్చేసరికే ఎండ అద్దం దాటేసి ఉంటుంది. ముదురు రంగు బట్ట ఆ ఎండనంతా పీల్చుకుని తానే కాగుతుంది. అద్దానికీ బట్టకూ మధ్య ఉన్న గాలి వేడెక్కి పైకి లేచి, రాడ్డు మీది సందులోంచి గదిలోకి వస్తుంది. దాని చోటులోకి కింది అంచు నుంచి గదిలోని చల్లటి గాలి దూరి, అదీ కాగుతుంది. మూడు గంటలప్పుడు ఒక స్టూలెక్కి రాడ్డు పైన అరచెయ్యి పెట్టి చూడండి. ఉడుకుతున్న గిన్నె మూత కొంచెం తీసినట్టు సెగ తగులుతుంది. మీ హాలును కాచేది ఆ సెగే.

కాబట్టి మొదటి పని కిటికీ బయట చెయ్యాలి. వెదురు తెర కట్టించగలిగితే మంచిది. లేదంటే నర్సరీలవాళ్లు వాడే షేడ్‌నెట్ చాలు, వ్యవసాయ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. 75 శాతం నీడనిచ్చే రకం తీసుకోండి. కిటికీ కంటే నాలుగు వైపులా అడుగు చొప్పున ఎక్కువ ఉండాలి. గ్రిల్లుకు ఆనించి కట్టొద్దు, జానెడు ఎడం ఉంచండి. ఎడం లేకపోతే నెట్‌కు పట్టిన వేడి నేరుగా అద్దానికి అంటుతుంది. ఎడం ఉంటే ఆ వేడిగాలి పైనుంచి బయటికే పోతుంది. సన్‌షేడ్ ఉంది కదా అనుకోకండి. పడమటి ఎండ వాలుగా వస్తుంది, రెండడుగుల సన్‌షేడ్ దాన్ని ఆపలేదు.

తర్వాత లోపలి పని. మీ మెరూన్ కర్టెన్లు తీసెయ్యనక్కర్లేదు. వెనుకవైపు, అంటే అద్దం వైపు, తెల్లటి కాటన్ లైనింగ్ కుట్టించండి. లైనింగ్ కర్టెన్ కంటే అంగుళం పొట్టిగా ఉండాలి. పైన మాత్రమే కలిపి కుట్టించి, పక్కలు రెండు మూడు చోట్ల టాకా వేస్తే చాలు. నాలుగు వైపులా బిగించి కుడితే ఉతికినప్పుడు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ కుంచించుకుపోయి బట్ట ముడతలు పడుతుంది. రాడ్డు మీద ఒక పలక మూతలా పెట్టించండి, వడ్రంగులు దీన్ని పెల్మెట్ అంటారు. మూడు వైపులా మూసి, కింద మాత్రమే తెరిచి ఉండాలి. సెగ బయటికి దిగే దారి మూసుకుంటుంది. బ్లాకౌట్‌కు పెట్టే డబ్బులో కొంత దీనికి పెడితే ఫలితం ఎక్కువ.

బ్లాకౌట్ పగలు నిద్రపోయేవాళ్ల గదికి, పసిపిల్లల గదికి పనికొస్తుంది. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి వెనక తెల్లగా రబ్బరు పూత ఉన్నది. మన పడమటి ఎండకు ఆ పూత కొన్నేళ్లలో పెళుసెక్కి, మడతల దగ్గర పొరలు పొరలుగా రాలుతుంది. రెండోది మధ్యలో నల్ల నూలు వేసి మూడు పొరలుగా నేసినది. పూత ఉండదు, మెత్తగా వేలాడుతుంది, ఉతకొచ్చు. వెలుతురును కాస్త పోనిస్తుంది గానీ మా ఓటు దీనికే.

దక్షిణపు కిటికీల గురించి భయపడేవాళ్లకు ఒక మాట. మే మొదటి వారం దాటాక ఆగస్టు రెండో వారం దాకా మన రాయలసీమ జిల్లాల్లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. మే నెల ఎండ దక్షిణపు కిటికీలోంచి నేరుగా పడదు. అక్కడ పలుచటి నూలు పరదా చాలు. మందపాటి బట్టకు పెట్టే డబ్బు పడమటికి మళ్లించండి.

*

5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు కిటికీకి ఎమ్మిగనూరు చేనేత బట్ట కొని కుట్టిద్దామనుకుంటున్నాం. పన్నా (బట్ట వెడల్పు) 48 అంగుళాలు. దుకాణంలో నాలుగు మీటర్లు చాలన్నారు. టైలరేమో ఆరు మీటర్లు తెమ్మంటున్నారు. ఎవరి లెక్క సరైంది?
— ఒక పాఠకుడు, కర్నూలు

టైలరుదే. లెక్క మీరే వేసి చూసుకోండి.

కిటికీ వెడల్పు కాదు, రాడ్డు వెడల్పు కొలవాలి. కిటికీకి రెండు పక్కలా 6 అంగుళాల చొప్పున రాడ్డు బయటికి రావాలి. లేకపోతే పక్కల నుంచి ఎండ చీలికలా పడుతుంది, పరదా పక్కకు లాగినా సగం కిటికీ మూసుకునే ఉంటుంది. అంటే రాడ్డు 72 అంగుళాలు. కుచ్చిళ్లు నిండుగా పడాలంటే బట్ట దానికి రెట్టింపు, 144 అంగుళాలు కావాలి. 48 పన్నాతో సరిగ్గా మూడు పన్నాలు. పక్కకు ఒకటిన్నర పన్నా చొప్పున రెండు కర్టెన్లు.

ఇక పొడవు. రాడ్డు కిటికీ పైన 4 అంగుళాలు, కిటికీ 48, కింద 8, మొత్తం 60. పైన రింగుల పట్టీకి, కింద మడతకు కలిపి 10 కలపండి. చేనేత నూలు కుంచించుకుపోతుంది కాబట్టి ఇంకో 4. మొత్తం 74 అంగుళాలు. మూడు పన్నాలకు 222 అంగుళాలు, అంటే 5 మీటర్ల 64 సెంటీమీటర్లు. ఆరు మీటర్లు తీసుకుంటే కట్టుతాళ్లకు కూడా వస్తుంది. నాలుగు మీటర్లతో వచ్చేవి రెండే పన్నాలు, 96 అంగుళాలు. 72 అంగుళాల రాడ్డు మీద అది కుచ్చు పడదు, ఆరేసిన దుప్పటిలా ఉంటుంది.

పెద్ద పూల డిజైన్ ఉన్న బట్టయితే ఇంకో సంగతి. ఒక పువ్వు నుంచి మళ్లీ అదే పువ్వు వచ్చేదాకా ఎంత దూరమో దుకాణంలోనే టేపు పెట్టి కొలవండి. అది 24 అంగుళాలైతే ఒక్కో ముక్క 74 కాదు, 96 అంగుళాలకు కత్తిరించాలి. అప్పుడే మూడు ముక్కల్లో పూలు ఒకే వరసలో వస్తాయి. మొత్తం 288 అంగుళాలు, ఏడు మీటర్ల 32 సెంటీమీటర్లు. ఇది తెలియక ఆరు మీటర్లు కొని, ఒక కర్టెన్‌లో పువ్వు రొమ్ము ఎత్తులో, ఇంకోదాంట్లో నడుము దగ్గర పడి బాధపడేవాళ్లు చాలామంది. గళ్ల బట్టకూ ఇదే లెక్క.

ఎమ్మిగనూరు బట్ట ఎంచుకున్నందుకు సంతోషం. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఊరు అది. దుప్పటి బరువున్న చేనేత నూలు కిటికీలకు చక్కగా అమరుతుంది, నిటారుగా వేలాడుతుంది. అయితే కత్తిరించకముందే బట్ట మొత్తం ఒక రాత్రి చన్నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు టైలరుకు ఇవ్వండి. నీళ్లలో రంగు దిగితే రెండోసారి కూడా నానబెట్టండి. కుట్టాక నానితే కింది అంచు రెండు మూడు అంగుళాలు పైకి లేస్తుంది, దాన్ని దించడానికి ఇక మార్గం ఉండదు.

టైలరుకు మూడు మాటలు చెప్పండి. అతుకు వేసే అర పన్నా గోడ వైపు రావాలి, మధ్యలోకి కాదు. పైన బక్రం (బిరుసు బట్ట) పట్టీ 4 అంగుళాలది వెయ్యాలి. రింగులు సరిసంఖ్యలో ఉండాలి. ఒకటిన్నర పన్నా అంటే 72 అంగుళాలు. అతుకుకు, పక్క మడతలకు పోగా సుమారు 70 మిగులుతుంది. మొదటి రింగు, చివరి రింగు అంచుకు 2 అంగుళాల లోపల. మధ్యలో మిగిలిన 66ను 6 అంగుళాల చొప్పున పంచితే 12 రింగులు. 11 గానీ 13 గానీ పెడితే ఒక చివర గోడ వైపు తిరిగి, ఇంకో చివర గదిలోకి పొడుచుకొస్తుంది. ఎన్నిసార్లు సర్దినా అది అలాగే నిలబడుతుంది.

*

మాది తాతల నాటి రాతి మిద్దె. గోడ మూరెడు పైనే మందం, మట్టితో కట్టింది. రాడ్డు బ్రాకెట్టుకు డ్రిల్ చేస్తే ఒక చోట రాయి తగిలి బిట్ లోపలికి దిగలేదు, ఇంకో చోట వెన్నలో దిగినట్టు దిగింది. నెలకే, స్క్రూ పట్టు కోసం కన్నంలో దూర్చిన ప్లగ్గుతో సహా మట్టిపెళ్ల ఊడి పడింది. ఏం చెయ్యాలి?
— ఒక పాఠకుడు, పత్తికొండ

ఇటుక గోడకు చేసే పని రాతిమట్టి గోడకు చేస్తే ఇలాగే అవుతుంది. ప్లగ్గు పట్టుకోవాలంటే చుట్టూ గట్టి పదార్థం ఉండాలి. రాళ్ల నడుమ ఎండిన మట్టి డ్రిల్ అదురుకే పొడి అవుతుంది. పరదా లాగిన ప్రతిసారీ ఆ కన్నం వదులవుతూ పోతుంది.

మీకు సరిపడేది అడ్డపలక. 4 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న టేకు పలక, రాడ్డు కంటే నాలుగైదు అంగుళాలు పొడవుది చేయించండి. పలకను గోడకు బిగించి, బ్రాకెట్లు పలకకు బిగించాలి. ఇందులో సులువేమిటంటే, బ్రాకెట్టు ఎక్కడ ఉండాలో గోడ చెప్పదు. రాయి ఉన్న చోట పలకకు కన్నం వేసుకుంటారు, బ్రాకెట్టు మీకు కావలసిన చోట పెట్టుకుంటారు.

రాయి ఎక్కడుందో చిన్న సుత్తితో తట్టి వినండి. రాయి మీద ‘ఠంగు’మని గట్టిగా మోగి సుత్తి ఎగురుతుంది. మట్టి మీద ‘బొద్దు’మని సద్దు మింగేస్తుంది. పలక పొడవునా అలా నాలుగు రాళ్లు వెతికి సుద్దతో గుర్తు పెట్టుకోండి. రాయి అంచున కాకుండా నడిమిన కన్నం వెయ్యాలి. 8 మిల్లీమీటర్ల కొత్త బిట్ వాడండి, అరిగినదైతే రాయి మీద జారి గీతలు పెడుతుంది. ముందు డ్రిల్ మిషనుకుండే సుత్తి మీట (హ్యామర్) ఆపేసి నెమ్మదిగా చుక్కంత గుంట పడనిచ్చి, అప్పుడు సుత్తి మీట వేసుకోండి. ప్రతి అర అంగుళానికీ బిట్ బయటికి తీసి పొడి రానివ్వండి. కాలుతున్న బిట్‌కు రెండు నిమిషాలు విరామం ఇవ్వాలి, నీళ్లు మాత్రం పొయ్యొద్దు, చేతిలో ఉన్నది కరెంటు మిషను. రాయిలోకి రెండంగుళాలు దిగితే చాలు. సైకిలు పంపుతో పొడి ఊదేసి, నైలాన్ ప్లగ్గు తట్టి, పలకలోంచి 3 అంగుళాల స్క్రూ బిగించండి.

ఇప్పటికే ఊడిన కన్నాన్ని వదిలెయ్యకండి. లోపలి మట్టి మూడంగుళాల లోతు గీకి తీసెయ్యండి. మూతి చిన్నది, లోపల పెద్దది ఉండేలా గీకాలి. తడిపి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుక కలిపి కూరి, వారం రోజులు తడి ఆరకుండా చూడండి. మట్టికి సిమెంటు సరిగా అంటదు. లోపల వెడల్పుగా ఉన్న ఆకారమే దాన్ని బయటికి రాకుండా పట్టి ఉంచుతుంది.

ఇవేవీ వద్దనుకుంటే కిటికీ చెక్క చట్రానికే బ్రాకెట్లు బిగించొచ్చు. పాత కలప ఇనుములా ఉంటుంది. 3 మిల్లీమీటర్ల కన్నం ముందు వేసి, స్క్రూకు కాస్త సబ్బు రాసి తిప్పండి. నేరుగా తిప్పితే చట్రం చీలుతుంది, లేదా స్క్రూ తల తెగి లోపలే ఉండిపోతుంది.

కొత్త ఇళ్లవాళ్లకు చిన్న మాట. మీకు కిటికీ పైన లింటల్ కాంక్రీటు ఉంటుంది. బిట్ కీచుమని అరిచి, పొడి రావడం ఆగి, కన్నంలో మెరుపు కనబడితే కమ్మీ తగిలిందని అర్థం. తొయ్యకుండా అంగుళం పక్కకు జరగండి. స్విచ్ బోర్డుకు నిట్టనిలువు పైన కన్నం వెయ్యకండి, వైర్లు ఎక్కువగా ఆ దారిలోనే పోతాయి.

*

అమ్మ పాత ధర్మవరం పట్టుచీర ఉంది. కట్టుకునే పని లేదు, పెట్టెలో ఉంచడానికి మనసొప్పడం లేదు. హాల్లో కర్టెన్‌గా కుట్టించొచ్చా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

కుట్టించొచ్చు, ఎండ పడే కిటికీకి మాత్రం వద్దు. పట్టును ఎండ తినేస్తుంది. రెండు మూడు వేసవులకే మడతల వెంబడి దారాలు విచ్చిపోతాయి. పూజగది వాకిలి, రెండు గదుల మధ్య దర్వాజా, లేదంటే ఉత్తరపు కిటికీ ఎంచుకోండి.

ముందు చీరకు సత్తువ ఎంత మిగిలిందో చూడాలి. పెట్టెలో ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న చోట రెండు బొటనవేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. దారాలు ఎడమైతే ఆ చీర వేలాడే బరువు మొయ్యలేదు. అలాంటిదాన్ని కత్తిరించి దిండు గలీబులో, అద్దం చట్రంలో పెట్టుకుంటే ఎక్కువ కాలం దక్కుతుంది.

గట్టిగా ఉంటే లెక్క ఇలా. చీర అయిదున్నర మీటర్లు, సుమారు 216 అంగుళాలు. 7 అడుగుల వాకిలికి మడతలు కలిపి 92 అంగుళాల చొప్పున రెండు ముక్కలకు 184. మిగిలిన 32 అంగుళాల్లో పైట కొంగు ఉంటుంది, దాన్ని పైన ఝాలరుగా వేసుకోండి. ఇక్కడ టైలర్లు తరచూ ఒక పొరపాటు చేస్తారు. పెద్ద అంచు రెండు ముక్కలకూ ఒకే వైపు వస్తుంది. మధ్యలో రెండు పెద్ద అంచులూ కలవాలని ఒక ముక్కను తలకిందులు చేసి కుడతారు. మామిడిపిందెలో, నెమళ్లో ఉంటే అవి తలకిందులై వేలాడతాయి. చీర పరిచి చూసి, తల ఉన్న బొమ్మలుంటే అంచులు రెండూ ఒకే వైపు ఉండనివ్వండి.

పట్టుకు రింగులు గుచ్చించొద్దు. గుండ్రంగా కోసిన చోటు నుంచే చిరగడం మొదలవుతుంది. వెనక తెల్లటి మల్లు లైనింగ్ వేసి, పైన కాటన్ పట్టీ కుట్టి, ఆ పట్టీకే ఉచ్చులు పెట్టించండి. బరువంతా పట్టీ మొయ్యాలి, చీర మీద పడకూడదు. జరీ అంచు బరువుకు కింద సాగుతుంది కాబట్టి వారం రోజులు వేలాడదీసి, ఆ తర్వాత కింది మడత కుట్టించండి.

*

ఆషాఢం గాలికి కర్టెన్లు నిలవడం లేదు. ఒకసారి రాడ్డే బ్రాకెట్టులోంచి లేచి కింద పడింది.
— ఒక పాఠకురాలు, ఉరవకొండ

మీ వైపు ఆ నెలల్లో పడమటి గాలి మామూలుది కాదు. రాడ్డు లేవడానికి కారణం బ్రాకెట్టు పైభాగం తెరిచి ఉండడం. చుట్టూ మూసి ఉండి, పక్కన బిగించే చిన్న స్క్రూ ఉన్న బ్రాకెట్టు తీసుకోండి. రాడ్డు 5 అడుగులు దాటితే మధ్యలో మూడో బ్రాకెట్టు తప్పనిసరి. కర్టెన్ కింది మూలల్లో తుప్పు పట్టని స్టీలు వాషర్లు రెండేసి, చిన్న గుడ్డ సంచిలో పెట్టి లోపలి వైపు కుట్టండి. ఇనుపవి పెడితే మొదటి ఉతుకుకే తుప్పు మరక పడుతుంది. సంచి విప్పదీసేలా ఉంటే ఉతకడం తేలిక.

వంటింటి కిటికీకి, పొయ్యి దగ్గర ఉంటే, పరదాయే వద్దు. గాలికి ఎగిరి మంట అందుకుంటుంది. పాలిస్టర్ అయితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. అద్దానికి మసక స్టిక్కర్ వేసుకోండి, చాలు.

*

బోరు నీళ్లతో ఉతికితే కర్టెన్లు గరుకెక్కి, తెల్లమచ్చలు పడుతున్నాయి.
— ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

నీళ్లలోని సున్నం సబ్బుతో కలిసి బట్టలో కూర్చుంటోంది. సబ్బు ఎక్కువ వేస్తే ఇంకా పెరుగుతుంది. ఉతికే ముందు కర్టెన్లు బయట దులపండి, దుమ్ము తడిస్తే బురదవుతుంది. సబ్బు తగ్గించి, రెండుసార్లు జాడించి, ఆఖరి బకెట్‌లో అర కప్పు తెల్ల వెనిగర్ కలిపి ముంచి తియ్యండి. రింగులున్న అంచును ఒక దిండు గలీబులో దూర్చి దారంతో కట్టి మిషన్‌లో వేస్తే రింగులు విరగవు. గట్టిగా పిండకుండా, తడి కాస్త ఉండగానే రాడ్డుకు ఎక్కించండి. ఆ తడి బరువుకే ముడతలు పోతాయి, ఇస్త్రీ పని ఉండదు.

*

అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టొద్దన్నారు.
— ఒక పాఠకుడు, కర్నూలు

గోడ మందంలో కిటికీ లోపలికి దిగి ఉంటే, లోపల స్ప్రింగ్ ఉండి రెండు గోడల మధ్య బిగుసుకునే రాడ్డు దొరుకుతుంది. సందు కంటే అంగుళం పొడవుగా తిప్పి పెట్టుకుని, నొక్కి లోపల దూర్చండి. 4 అడుగుల లోపు కిటికీకి, పలుచటి బట్టకే అది ఆగుతుంది. అంటించే కొక్కేలు సున్నం, డిస్టెంపర్ గోడల మీద నిలవవు. జిగురు గోడను వదలదు, సున్నం పొరే ఊడొస్తుంది, ఆ మచ్చకు ఇంటాయనకు జవాబు చెప్పుకోవాలి.